బిళ్ళలు మారాయి, బోర్డులు మిగిలాయి: స్క్వాడ్ లీడర్ ఆటల గురించి ఒక ప్రసంగం

మిత్రులందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు ఒక చిన్న వస్తువును మీ చేతికిస్తున్నాను. ముందు వరుసలోనివారు చూసి వెనక్కి పంపండి. అర అంగుళం అట్టబిళ్ళ, కింద పడితే వెతకడం కష్టం, కాస్త జాగ్రత్తగా పట్టుకోండి. దాని మీద సైనికుల బొమ్మ, బొమ్మ కింద 4-6-7 అని మూడు అంకెలు కనబడతాయి. మొదటిది కాల్పుల బలం. రెండవది ఆ తుపాకులు ఎన్ని గడుల దూరం పనిచేస్తాయో చెబుతుంది. ఒక్కో గడి 40 మీటర్లు కనుక 6 అంటే 240 మీటర్లు. మూడవ అంకె ఆ మనుషుల మనోధైర్యం. పదిమంది జర్మన్ సైనికుల దళాన్ని, అంటే ఒక స్క్వాడ్‌ను, ఆ అర అంగుళంలో కూర్చారు. చదరంగంలో భటుడికి భయం ఉండదు. ఈ బిళ్ళకు ఉంటుంది. ఈ సాయంత్రం నేను చెప్పబోయే కథంతా ఆ మూడవ అంకె చుట్టూ తిరుగుతుంది.

ఆ ఆట పేరు స్క్వాడ్ లీడర్, రెండవ ప్రపంచ యుద్ధపు పోరాటాలను బోర్డు మీద ఆడే యుద్ధక్రీడ. 1977లో అమెరికాలోని బాల్టిమోర్ నగరానికి చెందిన అవలాన్ హిల్ సంస్థ ప్రచురించింది, రూపకర్త జాన్ హిల్. తరువాత మూడు అనుబంధ పెట్టెలు వచ్చాయి. 1985లో ఈ మొత్తం పద్ధతిని తిరగరాసి అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ అనే కొత్త రూపం తెచ్చారు, దానికి ఇప్పటికీ కొత్త పెట్టెలు వస్తూనే ఉన్నాయి. ఇంతకాలం నిలిచిన ఆటను అభిమానులు ఎంతగా ప్రేమించారో, దాని మీద అంతగా అలిగారు. ఎందుకు అలిగారు? చెడ్డ నియమాల వల్లనా? కాదు. నియమాలు చాలావరకు మెరుగవుతూనే వచ్చాయి. ఒక పెట్టె కొన్నవాడికి ఆట రూపకర్త ఒక మాట ఇస్తాడు: ఇది నీ దగ్గర ఉంటుంది, దీని మీద ఇంకా కట్టుకోవచ్చు అని. ఆ మాట పదే పదే తప్పిపోయినందుకు అలిగారు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

దీనికి ముందు ఏముండేదో కొంచెం చూడాలి. అదే సంస్థ 1970లో జిమ్ డన్నిగన్ రూపొందించిన పాంజర్‌బ్లిట్జ్ అనే ఆటను తెచ్చింది. అందులో బిళ్ళ ఒక ప్లటూన్ లేదా కంపెనీ, అంటే స్క్వాడ్ కంటే పెద్ద బలగం; గడి 250 మీటర్లు. ఆ ఆట చేసిన గొప్ప మేలు దాని బోర్డులు. మూడు బోర్డులను ఏ అంచుకు ఏ అంచు కలిపినా రోడ్లూ గడులూ సరిగ్గా అతికేలా గీశారు, కాబట్టి ఆ మూడింటితోనే ఎన్నో యుద్ధభూములు అమర్చుకోవచ్చు. కానీ అందులో ఒక లోపం ఉంది, దానికి ఆటగాళ్ళు పేరు కూడా పెట్టుకున్నారు: పాంజర్‌బుష్. అడవి గడిలో ఉన్న బలగాన్ని, శత్రువు పక్క గడిలోకి వచ్చి చూస్తే తప్ప, కాల్చడానికి వీలులేదు. కాల్పులు ఎవరి వంతులో వారివే. మరి నా ట్యాంకు నా వంతులో ఈ అడవి నుంచి బయలుదేరి, మీ ఫిరంగుల ముందు నుంచే బయలు దాటుకుని, ఆ అడవిలో దూరిందనుకోండి. మీరేం చేయగలరు? ఏమీ చేయలేరు. మీ వంతు వచ్చేసరికి నేను మళ్ళీ చెట్ల మధ్య ఉన్నాను. 1974లో వచ్చిన పాంజర్ లీడర్‌లో కదులుతున్న బలగాన్ని మధ్యదారిలో కాల్చే నియమంతో దీనికి మందు వేయబోయారు.

మన పులిజూదం ఆడినవారు ఇక్కడ చాలామంది ఉన్నారనుకుంటాను. మూడు పులులు, పదిహేను మేకలు. ఇరుపక్షాల బలం వేరు, కదలిక వేరు, గెలుపు వేరు. అక్కడ కూడా వంతులే కదా, మరి పాంజర్‌బుష్ లాంటి కోపం ఎందుకు రాదు? ఎందుకంటే పులిజూదం నిజమైన పులి గురించి మనకేమీ హామీ ఇవ్వదు. యుద్ధక్రీడ ఇస్తుంది. ‘ఇది నిజానికి దగ్గరగా ఉంటుంది’ అని పెట్టె మీదే రాసి అమ్ముతుంది. అందుకే అక్కడ నియమంలో చిన్న చిల్లు పడినా ఆటగాడికి అది మోసంలా తోస్తుంది.

జాన్ హిల్ ఈ చిక్కుకు వేరే వైపు నుంచి వచ్చాడు. ఆయన పద్ధతిని తెలుగులో ‘ఫలితాన్ని బట్టి రూపకల్పన’ అనవచ్చు. వీధి మూలలో ఒక స్క్వాడ్ ఉంది, దాని మీదికి కాల్పులు వచ్చాయి. అవి తుపాకులవా, మెషిన్‌గన్‌వా, ఫిరంగి గుండ్లా? ఒక్కోదానికి ఒక్కో లెక్క, ఒక్కో పట్టిక పెట్టవచ్చు. హిల్ ఆ దారిన పోలేదు. ఆ కాల్పుల కింద ఉన్న మనిషి వైపు నుంచి చూడండి అన్నాడు. వాడికి జరిగేవి కొన్నే: ఏమీ కాకపోవచ్చు, ధైర్యం నిలవచ్చు, ధైర్యం చెదిరి వెనక్కి పరుగెత్తవచ్చు, చచ్చిపోవచ్చు. అందుకే తుపాకీ అయినా ఫిరంగి అయినా పదాతి దళం మీద పడే కాల్పులన్నింటికీ ఒకే పట్టిక, రెండు పాచికలు. చెక్క ఇంట్లో ఉంటే పాచికల మొత్తానికి 2 కలపాలి, రాతి ఇంట్లో ఉంటే 3 కలపాలి, బయలులో నడుస్తుంటే 2 తీసేయాలి. తక్కువ పడితే కాల్చినవాడికి మేలు. అంతే. ఈ నాలుగు మాటలు తెలిస్తే మీరు వీధి ఎందుకు దాటకూడదో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆ మూడవ అంకెకు వద్దాం. ధైర్యం పరీక్షకు వచ్చినప్పుడు రెండు పాచికలు వేయాలి, ఆ అంకెకు మించి పడితే దళం చెదిరిపోతుంది. రెండు పాచికలు 36 విధాలుగా పడతాయి. అంకె 7 అయితే 36లో 21 సార్లు నిలబడతారు, 8 అయితే 26 సార్లు, 6 అయితే 15 సార్లే. ఒక్క అంకె తేడాకు ఎంత తేడా వచ్చిందో చూశారా? చెదిరిన దళాన్ని తిరిగి కూడగట్టాలంటే సాధారణంగా అదే గడిలో ఒక నాయకుడు ఉండాలి. ఆ నాయకుడికి వేరే బిళ్ళ, దాని మీద ఒక మనిషి బొమ్మ, ఒక మనిషి పేరు. అందుకే ఆట పేరు స్క్వాడ్ లీడర్ అయింది.

నాకు ఈ ఆట నేర్పిన మిత్రుడు నా మొదటి ఆటలో ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. స్టాలిన్‌గ్రాడ్‌లో ఇళ్ళ కోసం జరిగే పోరు అది, నాది రష్యన్ పక్షం. దాడికి ఊపు వస్తుందని నాయకులను ముందు వరుసలో నిలబెట్టాను. రెండవ టర్నులోనే ఒక నాయకుడు పోయాడు. చెదిరిన మూడు దళాలు వెనుక ఇంట్లోకి పారిపోయాయి, వాటిని లేపేవారు లేరు. ఆట ముగిసేదాకా ఆ మూడు బిళ్ళలూ అదే గడిలో పడి ఉన్నాయి. నేను రెండు గంటలసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. నియమాల పుస్తకం నాయకత్వం గురించి ఒక్క వాక్యం కూడా ఉపన్యాసంగా చెప్పలేదు, కానీ ఆ రాత్రి నాకు అర్థమైనంతగా ఏ చరిత్ర పుస్తకం చదివినప్పుడూ అర్థం కాలేదు. రూపకల్పన అంటే అది అని నా అభిప్రాయం.

నేర్పే పద్ధతిని కూడా మెచ్చుకోవాలి. మొదటి పెట్టెలో 12 పోరాట ఘట్టాలు ఉన్నాయి. మొత్తం నియమాలు చదివి కూర్చోనక్కరలేదు. కొన్ని పుటలు చదవాలి, మొదటి ఘట్టం ఆడాలి, ఇంకొన్ని చదవాలి, రెండవది ఆడాలి. పిల్లలకు ఓనమాల తరువాత గుణింతాలు చెప్పినట్టు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయారు. ఒక టర్నులో ఎనిమిది దశలు ఉన్నా, నాలుగు ఘట్టాలు ఆడేసరికి అవి వేళ్ళకు వచ్చేస్తాయి.

మరి అలక ఎక్కడ మొదలైంది? అభిమానులు అడిగిన చోటే మొదలైంది. ఈ మాట మనం నిజాయితీగా ఒప్పుకోవాలి. మొదటి పెట్టెలో ట్యాంకుల నియమాలు సంక్షిప్తంగా ఉండేవి. ఇన్ని రకాల ట్యాంకులు, ఇన్ని మందాల కవచాలు ఉంటే ఇంత తేల్చేస్తారా అని అడిగారు. 1978లో క్రాస్ ఆఫ్ ఐరన్ అనే అనుబంధ పెట్టె వచ్చి ట్యాంకుల పద్ధతినంతా కొత్తగా రాసింది. బ్రిటిష్‌వారు, ఫ్రెంచ్‌వారు ఎక్కడ అన్నారు. 1980లో క్రెసెండో ఆఫ్ డూమ్ వచ్చింది. 1982లో అమెరికన్ సైన్యం కోసం జి.ఐ. ఆన్విల్ ఆఫ్ విక్టరీ వచ్చింది. అడిగినదల్లా ఇచ్చారు. ఇస్తూ ఇస్తూ పాతదాన్ని చెరిపేశారు. అమెరికన్ సైనికులు మొదటి పెట్టెలో ఉన్నారు కదా, వారి బిళ్ళల స్థానంలో కొత్తవి వచ్చాయి. ట్యాంకుల గురించి మొదట నేర్చుకున్నది పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు మీరు ఒక ఘట్టం ఆడాలంటే ఒక విషయానికి మొదటి పుస్తకం, మరొక విషయానికి రెండవది, దానికి సవరణ మూడవదానిలో, ఆ సవరణకు సవరణ నాలుగవదానిలో. ఓనమాలు, గుణింతాలు అని నేర్పిన పద్ధతే ఇక్కడ ఎదురు తిరిగింది. మెట్టు మీద మెట్టు కట్టిన తరువాత కింది మెట్టును మారిస్తే పైవాటి సంగతేమిటి?

హిల్ మొదటి సూత్రం కూడా ఈ మధ్యలోనే పలచబడింది. తరువాతి పెట్టెల పని ప్రధానంగా సంస్థలోపల డాన్ గ్రీన్‌వుడ్ వంటివారి చేతుల్లో సాగింది. వారు శ్రద్ధ లేనివారు కాదు, అసాధారణమైన శ్రద్ధ ఉన్నవారు. కానీ ‘కింద ఉన్నవాడికి ఏమైంది’ అనే ప్రశ్న స్థానంలోకి మెల్లగా ‘ఇది ఎలా జరిగింది’ అనే ప్రశ్న వచ్చింది. రెండవ ప్రశ్నకు జవాబుకు అంతు ఉండదు. గుండు తగిలిందా, ఎక్కడ తగిలింది, ఎంత దూరం నుంచి, ఏ కోణంలో, ఏ రకం గుండు? ప్రతి జవాబూ న్యాయమే. ప్రతి జవాబూ ఒక పుట.

1985లో గ్రీన్‌వుడ్ అన్నింటినీ ఒక్కచోటికి తెచ్చారు. అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ నియమాల పుస్తకం అట్ట వేసి కుట్టిన పుస్తకం కాదు, రింగుల ఫైలు. అధ్యాయాలకు ఇంగ్లీషు అక్షరాలే పేర్లు: పదాతి దళానికి ఎ, నేలకు బి, ఫిరంగులకు సి, వాహనాలకు డి, ఇలా సాగుతాయి. ఎడారికి ఒకటి, పసిఫిక్ దీవులకు ఒకటి తరువాత చేరాయి. తప్పు దొరికితే ఆ పుట తీసి కొత్త పుట పెట్టుకోవాలి. నాలుగు పుస్తకాల మధ్య వెతుకులాటకు ఇది నిజమైన జవాబు, ఈ ఘనత వారికి దక్కాలి.

నియమాలు కూడా మెరుగయ్యాయి, ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒక వీధికి అడ్డంగా మీ మెషిన్‌గన్ ఉంది. మొదటి దళం వీధి దాటుతుంటే కాల్చారు. ఇప్పుడు రెండవ దళం అదే గడి దాటాలి. పాత వంతుల ఆటల్లో మీ తుపాకీ ఇక కాల్చేసినట్టే కనుక రెండవవాడు హాయిగా దాటిపోతాడు. కొత్త పద్ధతిలో మీ కాల్పుల బలంలో సగం ఆ గడిలోనే ఒక గుర్తుబిళ్ళగా మిగిలిపోతుంది. వెనుక వచ్చే ప్రతివాడూ ఆ మిగులు కాల్పుల్లో నుంచే నడవాలి. పాంజర్‌బుష్ రోజుల నుంచి ఆటగాళ్ళు అడుగుతున్న ప్రశ్నకు ఇంత చక్కటి జవాబు నేను ఇంకెక్కడా చూడలేదు. దానితోపాటు మొదటి కాల్పులు, మలి కాల్పులు, చివరి కాల్పులు అనే తేడాలూ, ఎవరు ఎప్పుడు మళ్ళీ కాల్చవచ్చు అనే షరతులూ వచ్చాయి. బరువు పెరిగింది, కానీ ఆ బరువుకు కారణం ఉంది.

అయితే కొన్నవాడి మాట వినాలి కదా. 1977 నుంచి నాలుగు పెట్టెలు కొని, బిళ్ళలు వేరుచేసి, రకరకాల డబ్బాల్లో సర్దుకున్న మనిషిని ఊహించుకోండి. అతని బిళ్ళలన్నీ పక్కకు పోయాయి. అతని నాలుగు నియమాల పుస్తకాలూ పక్కకు పోయాయి. పనికివచ్చినవి బోర్డులు మాత్రమే. ఇంకొక వైపు అప్పట్లో కొత్తగా వచ్చినవాడి కష్టం చూడండి: కొత్త ఘట్టాలు చాలావాటికి పాత పెట్టెల్లోని బోర్డులు కావాలి. అంటే బోర్డుల కోసం, తాను ఎన్నడూ ఆడబోని ఆటను, ఎన్నడూ వాడబోని బిళ్ళలతో సహా కొనాలి. పాతవాడికి ‘నీ పెట్టె చెల్లదు’ అన్నారు, కొత్తవాడికి ‘ఆ చెల్లని పెట్టె కొను’ అన్నారు. ఒక్క నిర్ణయంతో ఇద్దరికీ అన్యాయం జరిగిందని నేను నమ్ముతున్నాను. ఒక్కో పెట్టెకు వేరే పెట్టె అవసరం అనే ఈ గొలుసు ఎంత కాలం సాగిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆట ఆపిన వారిలో నియమాలకు భయపడి ఆపినవారికంటే ఈ లెక్కలతో విసిగి ఆపినవారే నాకు ఎక్కువగా ఎదురయ్యారు.

ఇందాక తేనీటి సమయంలో ఒకరు అడిగారు: ఏ దేశపు సైనికుడికి ఎంత ధైర్యమో అంకె వేయడానికి వీరెవరు అని. చాలా మంచి ప్రశ్న, దాని దగ్గర కాస్త ఆగుతాను. అమెరికన్ స్క్వాడ్ అంకెలు 6-6-6. కాల్పుల బలం జర్మన్ల కంటే ఎక్కువ, ధైర్యం తక్కువ. మనం లెక్క చూశాం కదా, 36లో 15. అమెరికాలో అచ్చయిన ఆటలో అమెరికన్ సైనికుడికి ఈ అంకె! సహజంగానే చాలామంది నొచ్చుకున్నారు. రూపకర్తల ఆలోచన ఏమిటంటే, ఈ దళం సులభంగా వెనక్కి తగ్గుతుంది, తగ్గిన తరువాత త్వరగా తేరుకుంటుంది. ప్రాణాల మీద మొండికి పోకుండా, ఫిరంగుల సాయం పిలిచి మళ్ళీ వచ్చే సైన్యం అది. ఆడుతుంటే ఆ అనుభూతి నిజంగానే వస్తుంది. కానీ అది మొత్తం సైన్యం ఆడే తీరు గురించిన మాట; దాన్ని బిళ్ళ మీద ధైర్యం అనే అంకెగా అచ్చువేసినప్పుడు అది ఆ దళంలోని మనుషుల మీద తీర్పు అయిపోతుంది. ఇక్కడ నేను అభిమానుల పక్షమే. రెండవ ప్రపంచ యుద్ధంలో 25 లక్షల మందికి పైగా భారతీయులు సైన్యంలో పనిచేశారు. ఈ ఆటల్లో భారతీయ దళాలు బ్రిటిష్ బిళ్ళల కిందికే వస్తాయి. గూర్ఖాలకు మాత్రం ప్రత్యేక నియమాలు ఉన్నాయి. మనవాళ్ళలో ఒకరి తాతగారు ఉత్తర ఆఫ్రికాలోనో బర్మాలోనో ఉండి ఉంటే, ఆయన బిళ్ళ మీద ఏ అంకె వేయమంటారు? ఆ అంకె ఎవరు వేస్తే మీరు ఒప్పుకుంటారు? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, కానీ ప్రశ్న లేకుండా ఆ బిళ్ళను తాకలేను.

మిగతా చరిత్ర త్వరగా చెప్పేస్తాను. 1998లో అవలాన్ హిల్‌ను హాస్‌బ్రో అనే పెద్ద ఆటబొమ్మల సంస్థ కొనుగోలు చేసింది. మరుసటి ఏడాది ఈ ఆటల ప్రచురణ హక్కు మల్టీ-మ్యాన్ పబ్లిషింగ్ అనే చిన్న సంస్థకు వచ్చింది. బేస్‌బాల్ ఆటగాడు కర్ట్ షిల్లింగ్ అప్పట్లో దానిలో భాగస్వామి, తాను కూడా ఈ ఆట అభిమాని. కంప్యూటర్ వైపు పోయిన ప్రయత్నాలు వింతగా ముగిశాయి. ఈ ఆటకు కంప్యూటర్ రూపంగా మొదలైన రెండు వేర్వేరు పనులు, క్లోజ్ కంబాట్, కంబాట్ మిషన్ అనే వేరే పేర్లతో బయటకు వచ్చి తమ సొంత అభిమానులను సంపాదించుకున్నాయి. 2000లో స్క్వాడ్ లీడర్ పేరుతోనే వచ్చిన కంప్యూటర్ ఆట మాత్రం బోర్డు ఆటగాళ్ళకు పేరు తప్ప ఏమీ ఇవ్వలేదు. ఇంటర్నెట్‌లో ఎదురెదురుగా ఆడుకోవడానికి ఒక అభిమాని రాసిన వాస్ల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పనిని ఎంతో బాగా చేసింది, ఈ రోజు చాలామంది దానిలోనే ఆడుతున్నారు.

2004లో వచ్చిన స్టార్టర్ కిట్ గురించి మాత్రం ఆగి చెప్పాలి. సన్నని పెట్టె, పన్నెండు పుటల నియమాలు, పదాతి దళాలు, మెషిన్‌గన్‌లు, రెండు బోర్డులు. వేరే ఏ పెట్టే అక్కరలేదు. ఏ పాత బోర్డూ అక్కరలేదు. రెండవ కిట్‌లో ఫిరంగులు, మూడవదానిలో వాహనాలు. 1977 నాటి మెట్ల పద్ధతి మళ్ళీ తిరిగి వచ్చింది, ఈసారి ఒక తేడాతో: ఇక్కడ నేర్చుకున్నది పెద్ద ఆటలోకి వెళ్ళినా చాలావరకు చెల్లుతుంది, ఈ బిళ్ళలు అక్కడా పనిచేస్తాయి. ఇరవై ఏడేళ్ళ అలకకు ఇచ్చిన జవాబు ఇది అని నేను అనుకుంటాను. పూర్తి జవాబా అంటే కాదు; మూడవ కిట్ ముగించి పెద్ద ఫైలు తెరిచినవాడికి ఇప్పటికీ గుండె జారుతుంది, నాకూ జారింది. కానీ కిట్ దగ్గరే ఆగిపోయి ఆనందంగా ఆడుకునేవారు ఉన్నారు. అది ఓటమి కాదని వారికి గట్టిగా చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే జాన్ హిల్ 1977లో కోరుకున్నది దాదాపు ఆ పరిమాణంలోని ఆటనే.

నా సమయం అయిపోతోంది. ఆ 4-6-7 బిళ్ళ తిరిగి నా దగ్గరికి చేరిందా? చేరింది, సంతోషం. కిటికీ పక్కన బల్ల మీద రెండు బోర్డులు పరిచి పెట్టాను. ఎడమవైపుది 1977 పెట్టెలోది, మూలలు అరిగిపోయాయి, పచ్చరంగు వెలిసింది. కుడివైపుది ఈ మధ్య అచ్చయినది, అట్ట పలచన, రంగు మెరుస్తోంది. రెండింటినీ అంచుకు అంచు చేర్చి ఉంచాను. వచ్చి చూడండి, రోడ్డు ఒక బోర్డు మీద నుంచి ఇంకొకదాని మీదికి ఎక్కడా తెగకుండా పోతుంది.